డీవీఆర్ దానంతటదే చెరిపేసేలోపు

"ఫుటేజీ లేదండీ, డిస్క్ నిండిపోయి పాతవి పోయినయ్." దాడి జరిగిన రెండు మూడు వారాలకు కెమెరా ఉన్న ఇంటికి వెళ్లి అడిగితే వచ్చే జవాబు ఇది. చాలాసార్లు ఇది అబద్ధం కూడా కాదు. ఇంట్లో, కిరాణా కొట్లో, చర్చిలో పెట్టుకునే మామూలు రికార్డరు, అంటే డీవీఆర్, కొన్ని రోజులకు మించి ఏదీ దాచుకోదు. డిస్క్ నిండగానే అన్నిటికంటే పాత రోజు మీద కొత్త రోజును రాసుకుంటూ పోతుంది. ఎవరూ డిలీట్ బటన్ నొక్కనక్కర్లేదు. ఎవరి మీదా కేసు కాదు.

ఈ చివరి మాట దగ్గరే మనం ఆగాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(2)లోని ఆరో క్లాజు ఏమంటుందంటే, నేరస్థుణ్ణి కాపాడాలని తెలిసి తెలిసి సాక్ష్యాన్ని మాయం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర వ్యక్తికి ఆ అసలు నేరానికి ఉన్న శిక్షే వర్తిస్తుంది. మరి యంత్రం తనంతట తాను చెరిపేస్తే "తెలిసి" అన్న మాటకు చోటెక్కడ? అదే, ఫలానా కెమెరాలో ఫలానా తేదీ దృశ్యం ఉంది, భద్రపరచండి అని డిస్క్ నిండేలోపే ఒక కాగితం అందితే వ్యవహారం మారుతుంది. ఆ తర్వాత ఫుటేజీ పోతే యంత్రం మీదికి నెట్టడం అంత తేలిక కాదు. ఆ "లోపు" ఎన్ని రోజులో లెక్కగట్టడం వాడలో ఒకరిద్దరికైనా రావాలి.

ఇదంతా ఎందుకు అనుకునేవాళ్లు తమిళనాడులోని గోకుల్‌రాజ్ కేసును గుర్తు చేసుకోవాలి. 2015 జూన్‌లో ఆ దళిత ఇంజినీరింగ్ యువకుణ్ణి చంపేశారు. కలిసి చదువుకున్న ఆధిపత్య కులం అమ్మాయితో తిరుచెంగోడు గుడికి వెళ్లడమే అతని నేరం. కోర్టుకు వచ్చేసరికి ఆ అమ్మాయి మాట మార్చింది, వీడియోలో ఉన్నది తాను కాదంది. కానీ గుడి కెమెరాల్లో దొరికిన దృశ్యాలు మాట మార్చలేదు. 2022 మార్చిలో మదురై ప్రత్యేక కోర్టు యువరాజ్‌కూ మరికొందరికీ యావజ్జీవం వేసింది, 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు దాన్ని సమర్థించింది. మన మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న ప్రణయ్‌ను ఆసుపత్రి బయట నరికిన దృశ్యం కూడా కెమెరాకు చిక్కింది. ఆ కేసులో తీర్పు 2025 మార్చి 10న వచ్చింది, ఆరున్నరేళ్లకు. సాక్షులు అన్నేళ్లు నిలబడాలంటే ఎన్ని ఒత్తిళ్లు తట్టుకోవాలో మనకు తెలుసు. కాపీ చేసి జాగ్రత్త పెట్టిన ఫుటేజీని ఎవరూ బెదిరించలేరు.

లెక్క

డిస్క్ ఎన్నాళ్లు వస్తుందో తేల్చేది కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లదన్నది కాదు. తేల్చేది బిట్‌రేట్. కెమెరా సెకనుకు ఎంత డేటాను డిస్క్‌లోకి పంపుతుందో చెప్పే అంకె అది. డీవీఆర్ మెనూలో "ఎన్‌కోడ్" అనో "వీడియో ప్యారామీటర్స్" అనో ఉన్న చోట కనిపిస్తుంది. అక్కడ 1024 కేబీపీఎస్ అని ఉంటే దాదాపు 1 ఎంబీపీఎస్, 4096 అని ఉంటే 4 ఎంబీపీఎస్. ఒక్క సూత్రం గుర్తుంటే చాలు: 1 ఎంబీపీఎస్ కెమెరా రోజంతా ఆగకుండా రికార్డు చేస్తే 10.8 జీబీ తింటుంది.

ఇక గుణించుకోవడమే. నాలుగు కెమెరాలు, ఒక్కోటి 4 ఎంబీపీఎస్. రోజుకు 43.2 జీబీ చొప్పున నాలుగింటికి 172.8 జీబీ. 1 టీబీ డిస్క్ ఆరు రోజులు కూడా రాదు. కెమెరాలు బిగించే కుర్రాడు "నెల రోజులు వస్తదన్నా" అని చెప్పి వెళ్లిన సెట్టింగు చాలా చోట్ల ఇలాగే ఉంటుంది, ఎందుకంటే బొమ్మ స్పష్టంగా ఉంటేనే అతనికి డబ్బులిస్తారు. (1 టీబీ అని కొన్నది తెర మీద 931 జీబీ అని కనిపిస్తే కంగారు పడకండి. లెక్కించే పద్ధతుల్లో తేడా అది, దుకాణం వాడి మోసం కాదు.)

ఆరు రోజులంటే ఏమిటో చట్టం పక్కన పెట్టి చూడండి. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో, ఎఫ్ఐఆర్‌కు ముందు 14 రోజుల దాకా ప్రాథమిక విచారణ చేయడానికి బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 173(3) వీలిచ్చింది. అట్రాసిటీ చట్టం సెక్షన్ 18ఎ ప్రకారం ఆ విచారణ మన కేసుల్లో అవసరమే లేదు. అయినా స్టేషన్‌లో "విచారించి కడతాం" అనే మాట వినని బాధితులు తక్కువ. ఆ పద్నాలుగు రోజుల్లో ఆరు రోజుల డిస్క్ రెండుసార్లు చెరిగి మళ్లీ నిండుతుంది.

పైసా ఖర్చు లేకుండా రోజులు పెంచుకోవచ్చు. డీవీఆర్, కెమెరా రెండూ హెచ్.265ను ఒప్పుకునే రకమైతే హెచ్.264 నుంచి దానికి మారండి. సుమారుగా అదే నాణ్యత సగం డేటాతో వస్తుంది. అంటే 4 ఉన్నచోట 2 ఎంబీపీఎస్ పెట్టుకోవచ్చు, ఆరు రోజులు పదకొండు అవుతాయి. ఫ్రేమ్‌రేట్ సెకనుకు 25 నుంచి 12కో 15కో తగ్గించినా మనిషిని గుర్తుపట్టడానికి ఇబ్బంది లేదు. అయితే ఇక్కడ చాలామంది పొరబడతారు. బిట్‌రేట్ స్థిరంగా ఉండే పద్ధతిలో, అంటే సీబీఆర్‌లో, ఒక్క ఫ్రేమ్‌రేట్ తగ్గిస్తే డిస్క్ మీద పైసా మిగలదు. బిట్‌రేట్ అంకెను కూడా తగ్గించాలి. వీబీఆర్‌లో మాత్రం ఆ అంకె గరిష్ఠ హద్దు. వీధి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు దానంతటదే తక్కువ వాడుకుంటుంది. 1 ఎంబీపీఎస్‌కు దిగితే అదే నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్క్ 23 రోజులు, 2 టీబీ డిస్క్ 46 రోజులు వస్తుంది. అంతకంటే దిగొద్దు. పగలు బాగానే కనిపిస్తుంది గానీ రాత్రి చీకట్లో పరుగెత్తే మనిషి ముఖం మసకబారుతుంది. మన మీదికి వచ్చేవాళ్లు ఎక్కువగా ఏ వేళకు వస్తారో చెప్పాలా?

కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే మోషన్ పద్ధతి ఇంకో దారి. డిస్క్ బాగా ఆదా అవుతుంది. కానీ నాకు దాని మీద నమ్మకం తక్కువ. రాత్రి కెమెరా ముందు సాలీడు గూడు కడితే తెల్లవార్లూ దాన్నే రికార్డు చేస్తుంది. దూరంగా వీధి మలుపులో గుంపు పోగవుతుంటే కదలిక చిన్నదని వదిలేయవచ్చు. దాడికి ముందు పది నిమిషాల్లో ఎవరు ఎటు నుంచి వచ్చారన్నదే కేసులో కీలకం. వీధి వైపు, గేటు వైపు కెమెరాలకు ఎడతెగని రికార్డింగు, పెరట్లో దానికి మోషన్. ఇంత చాలు.

శబ్దం సంగతి విడిగా చెప్పాలి. సెక్షన్ 3(1)(ఎస్) కింద కులం పేరుతో నలుగురు చూసే చోట తిట్టడం నేరం. నలుగురు చూశారని కెమెరా చూపించగలదు, కానీ ఏమని తిట్టారో మైకు లేని కెమెరా ఎప్పటికీ చెప్పలేదు. మామూలు ఆడియో ఛానెల్ 64 కేబీపీఎస్. రోజుకు ముప్పాతిక జీబీ కూడా కాదు. డిస్క్‌కు అది బరువే కాదు. అయినా చాలా డీవీఆర్‌లలో ఆడియో ఆపేసే ఉంటుంది. గేటు దగ్గరి కెమెరాకు మైకు ఉందో లేదో చూసుకుని, ఉంటే మెనూలో ఆన్ చేయించండి. పది అడుగులు దాటిన మాటలు సరిగా పడకపోవచ్చు, అయినా మూగ వీడియో కంటే నయం.

డీవీఆర్ లేకుండా మెమొరీ కార్డుతో నడిచే వైఫై కెమెరాలు ఇప్పుడు వాడల్లో ఎక్కువ కనిపిస్తున్నాయి, ధర తక్కువ కాబట్టి. లెక్క అదే. 1 ఎంబీపీఎస్ దగ్గర 64 జీబీ కార్డు ఆరు రోజులకు కాస్త అటూ ఇటూ, 128 జీబీ దాదాపు పన్నెండు రోజులు.

పని చేస్తున్నట్టు కనిపించే డిస్క్

టీవీలో నాలుగు గళ్లలో బొమ్మ కదులుతోంది కాబట్టి రికార్డు అవుతోందనుకుంటాం. ఆ బొమ్మకూ డిస్క్‌కూ సంబంధం లేదు. డిస్క్ చచ్చిపోయినా ప్రత్యక్ష దృశ్యం చక్కగా వస్తూనే ఉంటుంది. డిస్క్ పాడైతే డీవీఆర్ బీప్ బీప్ అని అరుస్తుంది, ఆ గోల భరించలేక బజర్ ఆపేయిస్తారు. వారానికోసారి ప్లేబ్యాక్‌లోకి వెళ్లి అన్నిటికంటే పాత తేదీ ఏదో చూడండి. ఇందాకటి లెక్కకు ఇదే పరీక్ష. ఇరవై మూడు రోజులు రావాలి, ఐదు రోజులే ఉన్నాయి అంటే ఎక్కడో తేడా ఉంది.

ఆ తేడా మెనూలో దాక్కునే చోటు ఒకటుంది. పాత ఫైళ్లను ఇన్ని రోజులకు తీసేయమని చెప్పే "ఎక్స్‌పైర్డ్ టైమ్" లేదా "ఆటో డిలీట్ ఓల్డ్ ఫైల్స్" అనే సెట్టింగు. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉన్నా అది చెరిపేస్తుంది. 2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళం పోలీసుల చిత్రహింసలకు జయరాజ్, బెన్నిక్స్ అనే తండ్రీకొడుకులు చనిపోయినప్పుడు, విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటు హైకోర్టుకు ఇచ్చిన నివేదికలో ఇదే విషయం ఉంది. స్టేషన్ డిస్క్ 1 టీబీ, చోటు కావలసినంత. అయినా రోజూ దానంతటదే చెరిగిపోయేలా సెట్ చేసి ఉంది. జూన్ 19 రాత్రి దృశ్యం అలాగే పోయింది. మన ఇంట్లో ఆ సెట్టింగు ఆపేసి ఉండాలి, లేదా సున్నా ఉండాలి. డిస్క్ నిండినప్పుడు ఏం చేయాలో చెప్పే చోట మాత్రం "ఓవర్‌రైట్" అనే ఉండాలి. "స్టాప్" పెడితే పాతది ఉంటుంది గానీ కొత్తది అసలు రికార్డు కాదు.

డిస్క్ కొనేటప్పుడు కంప్యూటర్ డిస్క్ కాకుండా కెమెరాల కోసమే చేసినది అడగండి. పర్పుల్, స్కైహాక్ లాంటి పేర్లతో దొరుకుతాయి. రాత్రింబవళ్లు ఆగకుండా రాయడం మామూలు డిస్క్‌కు అలవాటు లేని పని. డీవీఆర్‌ను టీవీ పక్కన ముస్తాబు చేసి పెట్టకండి. ఇంటి మీదికొచ్చిన గుంపు మొదట పగలగొట్టేదో ఎత్తుకుపోయేదో దాన్నే. లోపలి గదిలో, తాళం ఉన్న బీరువాలో, గాలి ఆడేలా పెట్టండి, చిన్న యూపీఎస్ తగిలించండి. పాస్‌వర్డ్ పెట్టెలో వచ్చినదే ఉంచొద్దు. పక్కింటి ఆడవాళ్ల వాకిలి వైపు కెమెరా తిరిగి ఉంటే దాన్ని మార్చాకే మిగతా మాటలు.

సంఘటన జరిగిన రోజు

గడియారంతో మొదలుపెట్టండి. డీవీఆర్ లోపలి బ్యాటరీ అయిపోతే తేదీ ఎక్కడికో వెళ్లిపోతుంది, పదో ఇరవయ్యో నిమిషాల తేడా మామూలే. సరిదిద్దకండి. డీవీఆర్ తెర మీది టైమూ, పక్కన పెట్టిన ఫోన్ టైమూ రెండూ కనిపించేలా ఒక వీడియో తీసి పెట్టుకోండి. తేడా ఎంతో దాంతో తేలిపోతుంది.

కొన్ని డీవీఆర్‌లలో ప్లేబ్యాక్‌లో ఆ ముక్కను "లాక్" చేసే వీలుంది. లాక్ చేసిన దాని మీద ఓవర్‌రైట్ పడదు. అది చేసి, అదే రోజు పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయండి. ఘటనకు గంట ముందు నుంచి గంట తర్వాత వరకు, అన్ని కెమెరాలదీ. కొట్టిన రెండు నిమిషాలు మాత్రమే కత్తిరించి తీస్తే, మిగతాది ఎందుకు దాచారని ఎదుటి లాయరు అడుగుతాడు. డీవీఆర్ సొంత ఫార్మాట్‌లో ఒకటి, మామూలు ఫోన్లో ఆడే ఎంపీ4 ఒకటి, రెండూ ఉంచుకోండి. తెరను ఫోన్‌తో తీసిన వీడియో నలుగురికీ చూపించడానికే పనికొస్తుంది, అసలు దానికి బదులు కాదు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నలిగిపోతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

కాపీ తీయడం ఎవరికీ రాకపోతే? మెనూలోంచి షట్‌డౌన్ చేసి ప్లగ్ పీకేయండి. డీవీఆర్ నడవకపోతే చెరపడమూ ఆగుతుంది. ఆ డిస్క్ విప్పి పక్కన పెట్టి కొత్త డిస్క్ వేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే దాడి జరిగిన మర్నాడే కెమెరాలు ఆగిపోవడం క్షేమం కాదు. విప్పిన డిస్క్‌ను మాత్రం కుతూహలం కొద్దీ కంప్యూటర్‌కు తగిలించొద్దు. డీవీఆర్ రాసే పద్ధతి విండోస్‌కు అర్థం కాక "ఫార్మాట్ చేయమంటారా" అని అడగవచ్చు, ఎవరో ఒకరు సరే నొక్కుతారు. ఇంకో డీవీఆర్‌కు తగిలించినా అదే ప్రమాదం. పొరపాటున డిలీట్ అయినదాన్ని ఫోరెన్సిక్ ల్యాబ్ వెనక్కి తేగలదేమో గానీ, మీద కొత్తది రాసేసిన చోట పాతది ఇక తిరిగి రాదు.

కోర్టు దాకా వెళ్లేటప్పుడు ఇంకో కాగితం కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు రెండు భాగాల సర్టిఫికెట్ ఇవ్వాలి. మొదటిది యంత్రం ఎవరి అజమాయిషీలో ఉందో వాళ్లు, రెండోది నిపుణుడు. అందులో హ్యాష్ విలువ రాయాలి. ఫైలుకు అది వేలిముద్ర లాంటిది. ఒక్క ఫ్రేమ్ మార్చినా ముద్ర మారిపోతుంది. పెన్‌డ్రైవ్‌ను పోలీసులకిచ్చే ముందే హ్యాష్ తీయించి రాసిపెట్టుకుంటే తర్వాత ఎవరూ వేలు పెట్టలేరు. డీవీఆర్‌నే పోలీసులు తీసుకెళ్తే పంచనామాలో డీవీఆర్ సీరియల్ నంబరు, డిస్క్ సీరియల్ నంబరు, ఎన్ని టీబీలో రాశారో చూశాకే సంతకం పెట్టండి. జప్తును ఆడియో వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 105 చెబుతోంది. కాపీ ఒకటి మీ దగ్గర ఉండే తీరాలి.

వాళ్ల కెమెరాలు

అసలు చిక్కు ఇక్కడ. వాడలో కెమెరాలు తక్కువ. దారి పొడుగునా ఉన్నవి మోతుబరి ఇంటివి, గుడివి, బంకువి, పంచాయతీ ఆఫీసువి. ఊరేగింపును అడ్డుకున్నది, గుడి మెట్ల మీద ఆపేసింది వాటిలోనే పడుతుంది. ఆ డిస్క్ ఎన్ని రోజులదో మనకు తెలియదు కాబట్టి ఆరు రోజులే అనుకుని కదలాలి. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు 30 రోజుల ఫుటేజీ దాచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో తెచ్చిన ప్రజా భద్రత చట్టం చెబుతుంది. ఇళ్లకు అది వర్తించదు.

మనం వెళ్లి అడిగితే ఇవ్వరు. పైగా అడగడమే ఇంకో గొడవ కావచ్చు. అందుకే ఫిర్యాదులోనే ఒక వాక్యం చేర్చాలి: "ఫలానా సెంటరులో ఫలానా దుకాణం ముందున్న కెమెరాలో ఈ ఘటన రికార్డయి ఉంటుంది, అది చెరిగిపోకముందే వెంటనే స్వాధీనం చేసుకోవాలని కోరుతున్నాను." ఎన్ని కెమెరాలు కనిపిస్తే అన్నిటి పేర్లూ రాయండి. దాని మీద స్టేషన్ రసీదు తీసుకోండి. ఇవ్వకపోతే అదే కాగితం రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి, దర్యాప్తు చేయాల్సిన డీఎస్పీకి పంపండి. రూల్ 12 కింద కలెక్టరు, ఎస్పీ ఊరికి వచ్చినప్పుడు నలుగురి ముందు మళ్లీ ఇవ్వండి. తమ బాధ్యతను కావాలని విస్మరించిన ఎస్సీ, ఎస్టీయేతర ప్రభుత్వోద్యోగికి సెక్షన్ 4 కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు ఉంది. తేదీ ఉన్న రసీదు లేకుండా ఆ సెక్షన్‌ను నిలబెట్టడం కష్టం. తెచ్చివ్వమని యజమానికి సెక్షన్ 94 బీఎన్ఎస్ఎస్ కింద రాతపూర్వకంగా ఆదేశించే అధికారం కోర్టుకూ, స్టేషన్ అధికారికీ ఉంది.

చివరికి పోలీస్ స్టేషన్ కెమెరాలు. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో లాకప్పులు, వరండాలు, గేట్లు అన్నీ కనిపించేలా, శబ్దంతో సహా కెమెరాలు పెట్టాలని, రికార్డు 18 నెలలు ఉంచాలని, అంత వీలున్న పరికరాలు దొరక్కపోతే కనీసం ఏడాది ఉంచాలని చెప్పింది. ఇందాకటి గుణకారాన్ని ఇక్కడికి తెచ్చి చూడండి. 16 కెమెరాలు, అతి తక్కువగా 1 ఎంబీపీఎస్ చొప్పున, రోజుకు 172.8 జీబీ. ఏడాదికి దాదాపు 63 టీబీ. 18 నెలలకు 95 టీబీకి దగ్గర. డీవీఆర్‌లో 4 టీబీ డిస్క్ ఒక్కటే ఉంటే అది 23 రోజులది. మీ మండలం స్టేషన్‌కు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి మూడు అంకెలు అడగండి: ఎన్ని కెమెరాలు, ఒక్కోదాని బిట్‌రేట్ ఎంత, మొత్తం డిస్క్ ఎన్ని టీబీలు. ఫుటేజీ అడిగితే భద్రతా కారణాలంటారు, ఈ అంకెలకు ఆ సాకు అంత తేలిగ్గా అతకదు. ఎవరినైనా స్టేషన్‌కు తీసుకెళ్లిన సందర్భమైతే, ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన సమాచారం కాబట్టి 48 గంటల్లో ఇవ్వాలని సెక్షన్ 7(1)ను దరఖాస్తులోనే రాయండి.